డిగ్రీ అవగానే ప్రొడక్ట్ మేనేజర్? ఫీజు కట్టే ముందు ఒక్క మాట

డిగ్రీ చివరి పరీక్షలు అయిపోగానే పిల్లల ఫోన్లలో ఒకే రకం ప్రకటనలు మొదలవుతాయి. "కోడింగ్ రానక్కర్లేదు, ఆరు నెలల్లో ప్రొడక్ట్ మేనేజర్ అయిపోండి" అని. కొన్నింటి ఫీజు లక్షల్లో ఉంటుంది. ఆ ఉద్యోగం ఏమిటో తెలియకపోయినా, పిల్లల భవిష్యత్తు కదా అని అమ్మీ బంగారం వైపు చూస్తుంది.

ముందు పని ఏమిటో చూద్దాం. యూపీఐలో మీరు తమ్ముడికి డబ్బు పంపారు. మీ ఖాతాలో కట్ అయింది, అతనికి చేరలేదు. అలాంటి సొమ్ము మరుసటి రోజుకల్లా వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే నిబంధన పెట్టింది. కానీ ఆ క్షణంలో కంగారు పడుతున్న మనిషికి తెరపై ఏ మాట కనిపించాలి? ఫిర్యాదు బటన్ ఎక్కడ ఉండాలి? ఇవి తేల్చేది ప్రొడక్ట్ మేనేజర్. పేరులో మేనేజర్ ఉన్నా ఇంజనీర్లు, డిజైనర్లు సాధారణంగా అతని కింద ఉండరు. వాళ్లను ఒప్పించి పని చేయించాలి. అందుకే కంపెనీలు ఈ కుర్చీ కొత్తవాళ్లకు ఇవ్వడానికి వెనకాడతాయి.

నేరుగా తీసుకునే దారి అసలు లేదని కాదు. గూగుల్ 2002లోనే అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్ కార్యక్రమం మొదలుపెట్టింది. అయితే అలాంటి సీట్లు చాలా తక్కువ. ఎక్కువమంది కస్టమర్ సపోర్ట్, టెస్టింగ్, బిజినెస్ అనలిస్ట్ పనుల్లో చేరి, రెండు మూడేళ్లకు అదే కంపెనీలో ఇటు మారతారు. పైగా నివేదికలు, మీటింగ్ నోట్సు రాయడం ఇప్పుడు ఏఐ కూడా చేస్తోంది. మనిషికి మిగిలిన విలువ, సమస్యను సరిగ్గా పట్టుకోవడంలోనే.

మన తెలంగాణ కుర్రాడు ఫణీంద్ర సామ కథే చూడండి. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకలేదు. ఊరుకోకుండా ట్రావెల్ ఏజెంట్లను కలిసి, టికెట్లు ఎలా అమ్ముతారో అడిగి తెలుసుకున్నాడు. 2006లో మిత్రులతో రెడ్‌బస్ మొదలుపెట్టాడు. అతను ఇంజనీరే, నిజం. కానీ ఏజెంట్ల దగ్గర కూర్చుని వినడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు.

నేనూ బీకామే. అరువు పుస్తకం, జీఎస్టీ బిల్లు, మార్జిన్ లెక్క మనకు కొత్త కాదు. ఇంట్లో దుకాణం ఉన్న పిల్లలకైతే కస్టమర్ ఎందుకు తిరిగి రాడో చిన్నప్పటి నుంచే తెలుసు. కాబట్టి ముందు ఖర్చు లేని పని చేయండి. ఒక సమస్య ఎంచుకోండి. పదిమంది దుకాణదారులతో మాట్లాడండి. విన్నది, మీ పరిష్కారం రెండు పేజీల్లో రాయండి. కాగితం మీదైనా తెర బొమ్మ గీసి మళ్లీ వాళ్లకే చూపించండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సర్టిఫికెట్ కంటే ఇది బలమైన ఆధారం.

అయినా కోర్సు తీసుకోవాలనుకుంటే అబ్బా, అమ్మీ మూడు ప్రశ్నలు అడగాలి. పోయినసారి చేరినవాళ్లలో ఎంతమందికి నిజంగా ఈ ఉద్యోగమే వచ్చింది? వాళ్లలో ఇద్దరితో మాట్లాడిస్తారా? ఈఎంఐ అంటున్నది ఎవరి పేరు మీద, ఏ సంస్థ ఇచ్చే అప్పు? మధ్యలో మానేసినా అప్పు మానదు. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే ఇళ్లు సంతకానికి ముందే కాగితం మొత్తం చదివించుకోవాలి.

సూటిగా జవాబు రాకపోతే బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.