పద్దెనిమిది నిండితే పెట్టె సర్దాలా?

మన ఇళ్లలో పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండితే కేకు కోస్తాం, ఏ కాలేజీలో వేయాలా అని నలుగురినీ అడుగుతాం. బాలసదనంలో పెరిగిన పిల్లకు అదే వయసులో పెట్టె సర్దుకునే రోజు వస్తుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్, అలా బయటికొచ్చేవారికి ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’ అంటుంది, ‘ఇవ్వాలి’ అనదు. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలున్నాయి, మామూలుగా 21 ఏళ్ల వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు. పద్దెనిమిదిలో బీటెక్‌లో చేరిన అమ్మాయికి పట్టా చేతికొచ్చేసరికి 22. మరి చివరి ఏడాది ‘ప్రత్యేక పరిస్థితి’ ఎలా అవుతుంది? అది చదువులో మామూలు భాగమే కదా! పదేళ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని, గుర్తింపు పొందిన ఆశ్రమంలో చేరిన దిక్కులేని పిల్లలను మన తెలుగు రాష్ట్రాల్లో బీసీ-ఏ రిజర్వేషన్ జాబితాలో చేర్చారు. నిజంగా గొప్ప పని. కానీ పదకొండో ఏట అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్ల ఆ గీత అవతలే ఉండిపోతుంది. ఫీజు ఎలాగో కట్టినా, వేసవిలో హాస్టల్‌కు తాళం పడితే ఎక్కడికి వెళ్లాలి? దరఖాస్తులో ‘సంరక్షకుడి సంతకం’ అన్నచోట ఎవరు పెట్టాలి? డబ్బు కంటే ముందు ఆ పిల్లకు కావాల్సింది, ఫోన్ చేస్తే ఎత్తే ఒక పెద్దమనిషి. ప్రభుత్వాలను అడిగేవి రెండే: ‘ఇవ్వవచ్చు’ను ‘ఇవ్వాలి’గా మార్చండి, మొదటి డిగ్రీ పూర్తయ్యేదాకా ఆ బిడ్డకు గది, భోజనం ఆపకండి.