మానాలంటే.. మందేదీ?

* మలివయసులో మద్యం వీడేవారికి కరవైన తోడు
* దుకాణాల విధానాలు మారినా చికిత్సపై కొరవడిన చర్చ

నరసరావుపేట: కార్తికం వచ్చిందంటే పల్నాడు పల్లెల్లో నల్ల దుస్తులు కనిపిస్తాయి. అయ్యప్ప మాల వేసుకున్న నాటి నుంచి 41 రోజుల పాటు మద్యం జోలికి వెళ్లనివారు ఊరూరా ఉంటారు. ఎప్పుడో ఒకసారి తాగేవారికి ఈ నియమం మేలే చేస్తుంది. ముప్పై ఏళ్లుగా రోజూ తాగుతున్న అరవై ఏళ్ల పెద్దాయన విషయం వేరు. మానేసిన మరునాటికే చేతులు వణుకుతాయి. చెమటలు పోస్తాయి. నిద్ర పట్టదు. కొందరికి రెండు, మూడు రోజుల్లో మూర్ఛ వస్తుంది. గోడల మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎదుట లేనివారితో మాట్లాడతారు. గాలి సోకిందని కొన్ని ఇళ్లలో తాయెత్తు కట్టిస్తారు. వయసు మీదపడి మతి తప్పిందని మరికొన్ని ఇళ్లలో సరిపెట్టుకుంటారు. నిజానికి ఇది మద్యానికి అలవాటుపడిన మెదడు దాన్ని ఒక్కసారిగా కోల్పోయినపుడు తలెత్తే వ్యాధి. సకాలంలో వైద్యం అందకుంటే ప్రాణాలు తీస్తుంది. మానాలన్న సంకల్పం మంచిదే. దానికి వైద్యం తోడు లేకపోవడమే అసలు సమస్య.

అమ్మేదెవరన్నదే చర్చ

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో మహిళలు రగిలించిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రాన్ని కదిలించింది. 1993లో సారాపై, 1995 జనవరిలో మొత్తం మద్యంపై నిషేధం వచ్చింది. 1997లో మద్య నిషేధాన్ని ఎత్తివేశారు. దశలవారీ నిషేధం హామీతో 2019 అక్టోబరులో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి. 2024 అక్టోబరులో తిరిగి ప్రైవేటు వ్యాపారులకు దక్కాయి. రూ.99కే క్వార్టర్ సీసా వచ్చింది. ఇన్నేళ్ల చర్చ అంతా ఎవరు అమ్మాలి, ఎంతకు అమ్మాలి అన్నదాని చుట్టూనే సాగింది. 1995లో ముప్పై ఏళ్ల యువకుడు నేడు అరవై దాటిన వృద్ధుడు. నిషేధం రావడమూ చూశాడు, పోవడమూ చూశాడు. అతని వ్యసనం మాత్రం అతనితోనే మిగిలింది.

చికిత్స లేకుండా మద్యాన్ని దూరం చేస్తే ఏమవుతుందో 2020లో పొరుగునే ఉన్న ప్రకాశం జిల్లా కురిచేడు చూపింది. లాక్‌డౌన్ రోజుల్లో మద్యానికి బదులు శానిటైజర్ తాగి అక్కడ పదిమందికి పైగా మరణించారు. వారికి కావలసింది మందలింపు కాదు, వైద్యం.

వయసుతో పెరిగే ముప్పు

వయసు పెరిగేకొద్దీ శరీరంలో నీటి శాతం, కండ తగ్గుతాయి. ఒకప్పుడు తట్టుకున్న మోతాదే రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. రక్తపోటు, మధుమేహం మాత్రలతో కలిస్తే వికటించవచ్చు. నిద్రమాత్రలతో కలిస్తే మరింత ప్రమాదం. తూలిపడి తుంటి ఎముక విరిగితే మంచానికే పరిమితం కావలసి వస్తుంది. ఏళ్ల తరబడి తిండి తగ్గించి తాగేవారిలో బి1 విటమిన్ లోపించి జ్ఞాపకశక్తి దెబ్బతింటుంది. మద్యానికి సురక్షిత మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

మనసు సంగతి మరీ మరుగున పడుతోంది. దేశవ్యాప్తంగా 2017-18లో జరిగిన వృద్ధుల సర్వేలో అరవై దాటినవారిలో 8.3 శాతం మందికి కుంగుబాటు ఉండవచ్చని తేలింది. తమకు ఆ వ్యాధి ఉన్నట్లు వైద్యులు నిర్ధారించారని చెప్పినవారు ఒక శాతం లోపే. భార్య కన్నుమూయడం, సేద్యం కొడుకులకు అప్పగించడం, పిల్లలు హైదరాబాదుకో విదేశాలకో వెళ్లిపోవడం పెద్దలను ఒంటరులను చేస్తున్నాయి. సాయంత్రమైతే పలకరించే మనిషి లేనిచోట సీసాయే తోడవుతోంది. ఒకటో తేదీన చేతికందే రూ.4 వేల పింఛనులో కొంత దానికే పోతే, మందులకు, తిండికి వెతుకులాట తప్పదు. ఆ భారం మోసేది ఇంటి ఇల్లాలే. తాగుడు మానిన తర్వాత ఇన్నాళ్లూ మత్తు కప్పిపెట్టిన దిగులు పైకి వస్తుంది. ఆ దశలో ఆదరణ కరవైతే మళ్లీ మొదటికి రావడమో, బతుకు మీదే విరక్తి కలగడమో జరుగుతుంది.

దూరమే అడ్డంకి

మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక సాయం పొందుతున్నారని ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగిన సర్వే 2019లో వెల్లడించింది. పల్నాడు 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక జిల్లా అయింది. అయినా పెద్ద వైద్యానికి గుంటూరు బాట పట్టడం ఇక్కడి వారికి అలవాటు. మాచర్ల నుంచి గుంటూరు వంద కిలోమీటర్ల పైమాటే. చేతులు వణికే వృద్ధుడిని బస్సులో అంత దూరం ఎవరు తీసుకెళ్లాలి? ఒక్కరోజు కూలి పోతే గడవని ఇళ్లలో ఈ ప్రశ్నకు బదులు లేదు.

చికిత్స అసాధ్యమేమీ కాదు. తొలి కొద్దిరోజులు వైద్యుల పర్యవేక్షణలో ఉంచి బి1 విటమిన్, వణుకును అదుపుచేసే మందులు ఇస్తారు. ఆ మందులను క్రమంగా తగ్గిస్తారు. ఆపై కౌన్సెలింగ్, కుటుంబం అండ అవసరం. అరవై దాటాక మానినా నిద్ర, రక్తపోటు మెరుగుపడతాయి. చాలామందిలో జ్ఞాపకశక్తి కొంతైనా తేరుకుంటుంది. మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416, వ్యసన విముక్తికి 14446, వృద్ధుల సాయానికి 14567 నంబర్లు ఉన్నాయి. వీటిని మద్యం దుకాణాల వద్ద, పింఛను ఇచ్చే చోట రాసి ఉంచడానికి పెద్దగా ఖర్చేమీ కాదు.

పల్లెల్లో రక్తపోటు, మధుమేహం పరీక్షించే ఆరోగ్య సిబ్బంది మరో రెండు ప్రశ్నలు కూడా అడగవచ్చు. రోజూ తాగుతున్నారా? మనసు బాగుంటోందా? మాచర్ల, గురజాల, వినుకొండ ఆసుపత్రుల్లో వారానికి ఒకరోజైనా మానసిక వైద్యుడు అందుబాటులో ఉంటే గుంటూరు ప్రయాణం చాలామందికి తప్పుతుంది. మాల వేసుకునే ముందే పెద్దలను ఒకసారి వైద్యుడికి చూపించడం కుటుంబసభ్యుల బాధ్యత. మద్యంపై ఖజానాకు ఏటా ఆదాయం వస్తున్నపుడు, మానాలనుకున్న వృద్ధుడికి ఒక మంచం, ఒక వైద్యుడు అందుబాటులో ఉంచడం ప్రభుత్వ బాధ్యత.