కొరత కరెంటుది కాదు, మనకిచ్చే వరుసది



"దేశంలోనే కరెంటు కొరత ఉంది, మీ గూడేనికి కూడా నిదానంగా వస్తది." ఈ మాట వినీ వినీ మన తాతలు పోయారు, నాన్నలు ముసలోళ్లవుతున్నరు. ఒక్కసారి లెక్క చూద్దాం.

రామగుండం ఎన్టీపీసీలో మొదటి యూనిట్ 1983లో మొదలైంది. ఆ పాత ప్లాంటు ఇప్పుడు 2,600 మెగావాట్లు. పక్కనే కొత్త ప్లాంటు 1,600. దాని రెండో యూనిట్‌ను 2024 మార్చి 4న ప్రధాని జాతికి అంకితం చేసింది మన ఆదిలాబాద్‌లోనే. జైపూర్‌లో సింగరేణి ప్లాంటు 1,200. మొత్తం 5,400 మెగావాట్లు. బొగ్గు ఈ నేలది, నీళ్లు గోదావరివి, బూడిద ఇక్కడి ఊళ్లకు. వెలుగు మాత్రం దూరం పోతది.

కొరత ఎన్నడూ లేదని మేం అనం. 2012-13లో ఫ్యాక్టరీలకే పవర్ హాలిడే ఇచ్చిన్రు. కానీ కోత పెట్టేటప్పుడు పల్లె ముందు, పట్నం చివర. కరెంటు ఇచ్చేటప్పుడు పట్నం ముందు, గూడెం చివర. 2018 జనవరి 1 నుంచి రైతులకు 24 గంటల కరెంటు అన్నరు. త్రీఫేజ్ లైనే లేని పోడు చేనుకు ఆ 24 గంటలు ఏం లెక్క? సింగిల్ ఫేజ్ మీద బల్బు వెలుగుతది గానీ 5 హెచ్‌పీ మోటారు తిరగది, గిర్ని తిరగది. 200 యూనిట్ల దాకా జీరో బిల్లు మంచిదే. కరెంటే లేని రాత్రికి ఏ బిల్లయితే ఏంది?

వానాకాలంలో అడవి మధ్య లైను మీద ఒక్క కొమ్మ పడితే ఆ ఫీడర్ మీదున్న గూడేలన్నీ చీకటే. తొడుగున్న తీగ వేస్తే ఈ బాధ చాలా తగ్గుతది, చెట్లు కూడా మిగుల్తయి. అడిగితే "అది అడవి, అనుమతి లేదు" అంటరు. ఓపెన్‌కాస్టుల కోసం వందల ఎకరాల అడవి పోయినప్పుడు దొరికిన అనుమతి నాలుగు స్తంభాలకు దొరకదా?

చట్టం మన దిక్కే ఉంది. అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(2) చదవండి. బడి, అంగన్‌వాడీ, తాగునీళ్లు, కరెంటు లైన్ల వంటి పనులకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్ల కంటే ఎక్కువ కొట్టొద్దు. గ్రామసభ సిఫారసు ఉండాలి. ఈ ఫైలు ఢిల్లీ పోవాల్సిన పని లేదు, అనుమతి జిల్లాలో డీఎఫ్‌వో స్థాయిలోనే అయితది.

"సోలార్ ఇస్తున్నం కదా" అంటరు. పోడు పట్టాలకు సోలార్ పంపుల పథకం 2025 మేలో మొదలైంది, సంతోషం. కానీ పగలు నడిచే పంపు రాత్రి చదువుకునే పిల్లకు దీపం కాదు. రెండూ మన హక్కే.

అందుకే ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్క పని చేద్దాం. సగానికి తక్కువ కాకుండా జనంతో గ్రామసభ పెట్టించి, ఏ దారిన లైను రావాలో, ఎన్ని ఇండ్లో, ఎన్ని చేన్లో తీర్మానంలో రాయిద్దాం. కరెంటోళ్లకు, డీఎఫ్‌వోకు, ఉట్నూర్ ఐటీడీఏ పీవోకు తలా ఒక కాపీ ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకుందాం. దండం పెట్టి అడిగిన దరఖాస్తు మూలకు పడొచ్చు. గ్రామసభ తీర్మానానికి మాత్రం జవాబు రాయాల్సిందే అని పట్టుబడదాం.