క్యూ అక్షరం చేతికి వచ్చినప్పుడు

సెల్‌ఫోనులో ఆడే ఆంగ్ల పదక్రీడల్లో పిల్లలను మిక్కిలి కంగారు పెట్టే అక్షరం క్యూ. స్క్రాబుల్ సంచిలో 100 బిళ్లలుంటే క్యూ ఒక్కటే. విలువ 10 పాయింట్లు. ఆంగ్లంలో దాని వెంట యూ రావడం ఆనవాయితీ. ఆ యూ బిళ్లలేమో నాలుగే. అందుకే ఆరితేరినవారు యూ అవసరం లేని మాటలను కంఠస్థం చేస్తారు. అవేమిటో తెలుసా? ఖాజీ, ఫకీర్, నిఖాబ్, ఖిబ్లా! అంతర్జాతీయ పోటీల పదపట్టికలో ఇవన్నీ చెల్లుతాయి. అరబీ ‘ఖాఫ్’ అక్షరాన్ని ఆంగ్లంలో క్యూతో రాయడమే అందుకు కారణం. ఎక్కడెక్కడి ఆటగాళ్లో అర్థం తెలియకుండా బట్టీ పట్టే ఈ మాటలను తెనాలిలోనో, రేపల్లెలోనో మన పిల్లలు ఊహ తెలిసినప్పటి నుండి వింటున్నారు.

అయితే ఫోను ఆటల్లో చాలావాటికి ఒక లోపముంది. చెల్లని మాట పెడితే యంత్రం తిప్పికొడుతుంది, అంతే. నష్టమేమీ లేదు గనుక, ఏదో ఒకటి నిలిచేదాకా పిల్లలు అక్షరాలను అటూ ఇటూ మారుస్తూ పోతారు. బల్లమీది ఆటలో అలా కుదరదు. ఎదుటివారు సవాలు చేసి, మాట తప్పని తేలితే ఆ వంతు పోతుంది. కనుక ఫోనులో ఆడేవారు తమ నియమం తామే పెట్టుకోవాలి. నాకు నచ్చిన నియమం ఒకటే: అర్థం చెప్పలేని మాటను పెట్టరాదు. పాయింట్లు తగ్గుతాయి, నిజమే. తగ్గనివ్వండి.

తమకు తామే కట్టడి విధించుకుని మాటలతో ఆడటం ఫోనుతో పుట్టినది కాదు. హిజ్రీ 131లో మరణించిన బస్రా పండితుడు వాసిల్ బిన్ అతాకు ‘ర’ పలకదు. ఆయన ఆ అక్షరమే లేకుండా ప్రసంగించేవారని అల్ జాహిజ్ రాశాడు. గోధుమలను ‘బుర్ర్’ అనవలసిన చోట ‘ఖమ్‌హ్’ అనేవారట. ఒక్క మాటకైతే సులువే. ప్రసంగమంతా అలా నడపాలంటే నాలుక వెనుక ఎంత పదసంపద సిద్ధంగా ఉండాలి!

మన తెలుగులో 16వ శతాబ్దపు పొన్నెగంటి తెలగన సంస్కృత పదాలను యథాతథంగా వాడకుండా ‘యయాతి చరిత్రము’ రచించాడు. తొలి అచ్చతెలుగు కావ్యమది. దానిని అంకితం పుచ్చుకున్నది ఎవరనుకున్నారు? గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని అమీన్ ఖాన్. తెలుగు తమ ఇంటి భాష కాదేమోనని సంకోచించే మన పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి. పాఠ్యపుస్తకం చెప్పేదాకా ఆగనక్కరలేదు.

ఆ నియమాన్ని కొంచెం మార్చి ఇంట్లో ఆడవచ్చు. తెనాలిలో నానీ, బాపట్లలో ఖాలా పిల్లలు, రేపల్లెలో మామూ ఉన్నారనుకోండి. ఫోనులో ఒక కుటుంబ బృందం చాలు. రోజుకొకరు అరబీ, ఫారసీల నుండి తెలుగులోకి వచ్చిన మాట ఒకటి ఇవ్వాలి. మిగిలినవారు అదే అర్థమిచ్చే దేశీ మాట వెతకాలి. ఖర్చు, కబురు, హామీ, వసూలు, తారీఖు: సరుకు బోలెడంత. నిఘంటువు చూడవచ్చు గాని, చూశానని చెప్పాలి. చెప్పకపోతే పట్టుకునేవారు లేరు. ఆటలో కష్టమంతా అక్కడే ఉంది.

మొదటి రోజు ‘జవాబు’ ఇచ్చి చూడండి. ఎవరో ఒకరు వెంటనే ‘బదులు’ అంటారు. అదీ అరబీ ‘బదల్’ నుండి వచ్చినదే. మళ్లీ వెతకమనండి.