చుక్కల తాబేలు... ఇంట్లో కాదు, గట్టు మీదే!

తొలకరి పడిందంటే అనంతపురం ప్రాంతంలో కదలిక వచ్చేది వేరుశనగ రైతుల్లో మాత్రమే కాదు. ఎండాకాలమంతా పొదల మొదళ్లలో, గడ్డి దుబ్బుల కింద ముడుచుకుని పడుకున్న ఓ చిన్న జీవి కూడా అప్పుడే మెడ బయటపెడుతుంది. నల్లటి డిప్ప... దానిమీద పసుపు గీతలు... ఒక్కో గుబ్బ మీద ఒక్కో చుక్కను ముగ్గేసినట్టు! అదే నక్షత్ర తాబేలు.

చేనుగట్టు మీద అది మెల్లగా నడిచిపోతుంటే పిల్లలు ఊరుకుంటారా? ఎత్తుకుని ఇంటికి తెచ్చేస్తారు. 'కూర్మావతారం కదా, ఇంట్లో ఉంటే మంచిదేలే' అంటుంది అవ్వ. 'నీళ్లతొట్టిలో వెయ్యండ్రా, పాపం' అంటాడు తాత. సరిగ్గా అక్కడే ఆ తాబేలు కష్టాలు మొదలవుతాయి. దాన్ని తెచ్చుకున్న ఇంటికి కూడా!

నీళ్లే గండం

తాబేలంటే నీళ్లలో ఉండేదేనని చాలామంది అనుకుంటారు. నక్షత్ర తాబేలు మాత్రం మెట్ట జీవి. దానికి ఈత రాదు. లోతైన తొట్టిలో వేస్తే మునిగిపోతుంది. దాని తిండి గడ్డి, ఆకులు, పూలు, రాలిన పండ్లు. ఇంట్లో ముద్దుగా పెట్టే అన్నం, రొట్టె, బిస్కెట్లు దాని ఒంటికి పడవు.

అన్నిటికన్నా ముఖ్యం ఎండ. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు సోకితేనే దాని ఒంట్లో డి విటమిన్ తయారవుతుంది. ఆ విటమిన్ ఉంటేనే తిన్న కాల్షియం ఒంటబడుతుంది. గదిలో, గాజుపెట్టెలో పెంచితే డిప్ప మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి. చెమ్మగా ఉన్నచోట ఉంచితే ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంటుంది. కుక్కపిల్లకు బాగోకపోతే మూలుగుతుంది, తాబేలు ఆ పని కూడా చేయదు. జబ్బు బయటపడేసరికి నెలలు గడిచిపోతాయి.

పెంచేవాళ్లకూ ముప్పు లేకపోలేదు. పైకి ఆరోగ్యంగా కనిపించే తాబేళ్లు, బల్లిజాతి జీవులు కూడా సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాను మోస్తుంటాయి. ఐదేళ్లలోపు పిల్లలకు దీనివల్ల తీవ్రమైన విరేచనాలు, జ్వరం రావొచ్చు. ఈ కారణంగానే నాలుగు అంగుళాలకన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లోనే నిషేధించింది.

కరవు నేలే పుట్టిల్లు

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన... అదీ వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. మనుషులు వలసపోయే ఈ నేలలో నక్షత్ర తాబేలు ఎలా బతుకుతోంది? ఓపికే దాని బలం. ఎండలు ముదిరితే కదలదు. వానొస్తే తిరుగుతుంది, తింటుంది, జతకడుతుంది. గట్టినేలను తన మూత్రంతో తడిపి, వెనక కాళ్లతో గుంత తవ్వి, కొద్దిపాటి గుడ్లు పెట్టి మట్టితో కప్పేస్తుంది. తర్వాత ఆ పిల్లలు ఎవరికి వారే. అవి పెరిగి గుడ్లు పెట్టే వయసు రావడానికి ఏళ్లు పడుతుంది. అందుకే గట్టు మీంచి ఒక ఆడ తాబేలును ఎత్తుకొచ్చామంటే, ముందు ముందు పుట్టాల్సిన ఎన్నో పిల్లల్ని కూడా తెచ్చేసినట్టే.

ఒక్కదాన్ని తెస్తే ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు ఓ లెక్క. 2015లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మన దేశంలోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం చుట్టూ ఏడాదిలో కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లను పట్టుకున్నారు. వాటిని సూట్‌కేసుల్లో బట్టల మధ్య కుక్కి విదేశాలకు చేరవేస్తుంటారు. అక్కడ వాటిని కొనేవాళ్లూ ముద్దుగా పెంచుకుందామనే కొంటారు!

ఏడేళ్ల జైలు!

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. చాలాకాలం నక్షత్ర తాబేలు అందులో నాలుగో షెడ్యూల్లో ఉండేది. 2022లో చట్టాన్ని సవరించి పులి, ఏనుగు ఉన్న మొదటి షెడ్యూల్లోకి చేర్చారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ షెడ్యూల్లోని జంతువుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా పడతాయి. కొన్నది కాదు, దొరికింది... అంటే కుదరదు. అంతర్జాతీయంగానూ 2019లో దీని వ్యాపారాన్ని నిషేధించారు.

మరి దుకాణాల్లో కనిపించే ఇగ్వానా, బాల్ పైథాన్ లాంటి విదేశీ జీవుల సంగతేమిటి? వాటిని పెంచుకునేవాళ్లు వివరాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలని 2024లో నిబంధనలు వచ్చాయి. కాగితాలు లేకుండా కొనడం కోరి చిక్కులు తెచ్చుకోవడమే.

ఇప్పటికే ఇంట్లో ఉంటే...

భయపడి రాత్రికి రాత్రి ఏ గుట్టలోనో వదిలేయడం పరిష్కారం కాదు. ఇళ్లలో పెరిగినవాటికి అంటిన జబ్బులు అడవిలోని తాబేళ్లకు సోకొచ్చు. పైగా గుజరాత్, రాజస్థాన్‌ల వైపు తాబేళ్లకూ మన దక్షిణాది తాబేళ్లకూ జన్యువుల్లో తేడా ఉంటుంది. పట్టుబడిన తాబేళ్ల సొంతూరు ఎక్కడో డీఎన్‌ఏ ద్వారా తేల్చే పరిశోధన హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేశారు. అది 2006లో ప్రచురితమైంది. ఎక్కడిదాన్ని అక్కడే వదలాలి కాబట్టే అంత శ్రమ. అందుకే తాబేలును దగ్గర్లోని అటవీశాఖ కార్యాలయంలో అప్పగించడమే సరైన దారి. తీసుకెళ్లేటప్పుడు గాలి ఆడే అట్టపెట్టెలో పొడిగుడ్డ పరిచి ఉంచితే చాలు, నీళ్లలో పెట్టకూడదు.

సింగపూర్‌లో పట్టుబడిన 51 నక్షత్ర తాబేళ్లు 2018 నవంబరులో విమానమెక్కి బెంగళూరు చేరాయి. కర్ణాటక అడవుల్లోకి పంపాలన్న ఉద్దేశంతో వాటిని ముందు విడిగా ఉంచి పరీక్షించారు. ఒక్కసారి సొంత నేల దాటిస్తే, మళ్లీ ఇంటికి చేర్చడానికి రెండు దేశాల మనుషులు ఇంత ప్రయాసపడాలి.

అదే గట్టు మీద ఉన్నప్పుడైతే చేయాల్సిన పని చాలా చిన్నది. ఈ వానాకాలం పొలానికెళ్లినప్పుడు చుక్కల డిప్ప కనిపిస్తే పిల్లల్ని కాస్త దూరంగా కూర్చోబెట్టండి. అది ఏ ఆకు కొరుకుతుందో, ఏ పొదలోకి పోతుందో చూడనివ్వండి. ఇంటికి రాగానే దాని బొమ్మ గీయమనండి. తాబేలు దాని ఇంట్లోనే ఉంటుంది... పిల్లలకు జ్ఞాపకమూ మిగులుతుంది!