బీపీ చూసేచోట గురకా అడగాలి

ముప్పై ఏళ్లు దాటినవాళ్ల ఇంటికి ఆశా కార్యకర్త వచ్చి పొగాకు, మందు అలవాట్లు, నడుము కొలత రాసుకుంటుంది. డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో మూర్ఛ, రేచీకటి, చెవుడు అడుగుతారు. గురక మాట ఎక్కడా లేదు. గురక పెడుతుంటే ఒళ్లెరగని నిద్ర అనుకుంటాం గాని, కొందరికి గొంతు మూసుకుపోయి ఊపిరి పది సెకన్లకు పైగా ఆగి, ఉలిక్కిపడితే తప్ప మళ్లీ అందదు. ఇదే స్లీప్ ఆప్నియా. గంటకు ముప్పైసార్లు ఆగితే తీవ్రమైన జబ్బు. అలాంటి మనిషి తెల్లారి లారీ ఎక్కి ఎర్రవల్లి చౌరస్తా దాటి కర్నూలు దారి పడితే, ఆ కునుకు అతనొక్కడితో పోదు.

కాబట్టి గద్వాల జిల్లా ఇటిక్యాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ మందులకు వచ్చేవాళ్లనూ, బండి నడిపి బతికేవాళ్లనూ స్టాప్‌బ్యాంగ్ ప్రశ్నలు అడగాలి. ఆపరేషన్‌కు వచ్చే రోగుల కోసం టొరంటో మత్తు వైద్యులు 2008లో ప్రచురించిన ఈ ఎనిమిదింటిలో గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా అన్నవి చెప్పేవి. బీపీ, బీఎంఐ, వయసు, మెడ కొలత, ఆడా మగా అన్నవి చూసి రాసుకోగలిగేవి. ఈ తేడాయే మనకు ముఖ్యం. లైసెన్సు పోతుందని భయపడే డ్రైవరు కునుకు సంగతి దాస్తాడు, కాని మెడకు చుట్టిన టేపు అబద్ధమాడదు. బీఎంఐ హద్దు 35 మాత్రం మనవాళ్లకు ఎక్కువ, తగ్గించుకోవాలి.

లక్షణాలు లేనివారిని వడపోయడానికి ఆధారాలు చాలవని 2022లో అమెరికా నిపుణుల సంఘం చెప్పింది. ఒప్పుకుంటాం, అందుకే ఊరందరినీ అడగమనడం లేదు. ఎనిమిదిలో మూడు మార్కులకే అనుమానిస్తే జబ్బు లేనివాళ్లు కూడా చాలామంది ఇరుక్కుంటారన్నదీ నిజమే. అయిదు, ఆపైన వచ్చినవాళ్లను ముందు పరీక్షకు పంపాలి. మార్కులు చూసి మాత్రం ఎవరికీ జబ్బు అంటగట్టకూడదు, లైసెన్సు ఆపకూడదు. ముక్కు దగ్గర గాలి, వేలికి ఆక్సిజన్ నమోదుచేసే ఒక రాత్రి పరీక్షే తేల్చాలి. ఇక నిద్రలో గొంతు మూసుకుపోకుండా గాలి పంపే సీప్యాప్ యంత్రం వేలు పోసి కొన్నా గుండెకు లాభమేమిటన్న ప్రశ్న. 2016 నాటి సేవ్ అధ్యయనంలో అది గుండెపోటును తగ్గించలేదు, పగటి మగతను తగ్గించింది. అంటే ముందు చికిత్స అందాల్సింది మగతతో స్టీరింగు పట్టేవాళ్లకే. 2024లో మొదలైన గద్వాల ప్రభుత్వ వైద్య కళాశాలకు ఆ పరీక్ష పరికరాలు, అరువిచ్చేందుకు కొన్ని సీప్యాప్ యంత్రాలు మంజూరు చేయాలని జిల్లా యంత్రాంగాన్ని అడుగుతున్నాం. మెడ కొలిచే టేపుకు మంజూరు అక్కర్లేదు, వచ్చే బీపీ రోజునే మొదలుపెట్టవచ్చు.