నడిపేవాడూ ఇంజనీరే

ప్లేస్‌మెంట్ సీజన్లో ఎవరికైనా ఆఫర్ వచ్చిందంటే మనం మొదట అడిగేది జీతం ఎంత అని. రెండో ప్రశ్న "డెవలప్‌మెంటా, సపోర్టా?" సపోర్ట్ అనగానే అడిగినవాడి మొహంలో ఉత్సాహం కాస్త తగ్గుతుంది. ఆపరేషన్స్ అన్నా అంతే. కొత్తది తయారుచేసేవాడు ఇంజనీరు, తయారైనదాన్ని నడిపేవాడు కాపలాదారు అని మన లెక్క. ఈ లెక్క తప్పని నా వాదన. సాక్ష్యం కోసం కాస్త దూరం వెళ్ళాలి, గురుగ్రహం దాకా.

నాసా పంపిన జూనో నౌక 2011 ఆగస్టులో బయల్దేరి 2016 జూలైలో గురుగ్రహం కక్ష్యలో చేరింది. దాని మీద జూనోక్యామ్ అని ఒక కెమెరా ఉంది. దాన్ని తయారుచేసింది శాన్ డియాగోలోని మాలిన్ స్పేస్ సైన్స్ సిస్టమ్స్ అనే సంస్థ. నడిపే బాధ్యత కూడా వాళ్ళదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

నడపడం అంటే జాయ్‌స్టిక్ పట్టుకుని తిప్పడం అనుకుంటాం. అక్కడ అది కుదరదు. భూమి నుంచి సిగ్నల్ వెళ్ళడానికే 35 నుంచి 50 నిమిషాలు పడుతుంది. ఏ క్షణంలో, ఏ ఫిల్టర్‌తో, ఎంత ఎక్స్‌పోజర్‌తో తీయాలో ముందే లెక్కగట్టి కమాండ్లు పంపాలి. పైగా నౌక నిమిషానికి దాదాపు రెండుసార్లు తన చుట్టూ తాను తిరుగుతూ ఉంటుంది. గ్రహం దగ్గరికొచ్చినప్పుడు ఒక ధ్రువం మీంచి ఇంకో ధ్రువం దాకా దూసుకుపోవడానికి పట్టేది సుమారు రెండు గంటలు. మొదటి కక్ష్యల్లో అయితే ఆ రెండు గంటలు చేజారితే మళ్ళీ 53 రోజులు ఆగాల్సిందే. సప్లీ రాయడం ఇంతకంటే నయం.

అసలు కథ తర్వాత మొదలైంది. గురుగ్రహం చుట్టూ రేడియేషన్ చాలా తీవ్రం. నౌకలోని ముఖ్యమైన ఎలక్ట్రానిక్స్‌ను టైటానియం పెట్టెలో దాచారు కానీ, కెమెరా కన్ను ఉన్న భాగం ఆ పెట్టె బయటే ఉంది. కనీసం ఎనిమిది కక్ష్యలు పనిచేస్తుందనుకున్నారు, ఆ తర్వాత దేవుడి దయ. అది నలభై దాటినా పనిచేసింది. 47వ కక్ష్య నాటికి ఫొటోల్లో దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. ఉన్న కొద్దిపాటి ఆధారాలతో టీమ్ వెతికితే, పవర్ సప్లయ్‌లోని ఒక వోల్టేజ్ రెగ్యులేటర్ మీదికి అనుమానం పోయింది.

విప్పి చూసే వీల్లేదు, పార్ట్ మార్చే వీల్లేదు. వాళ్ళకి మిగిలింది కెమెరాలో ఉన్న చిన్న హీటర్. మెకానికల్ వాళ్ళకి అనీలింగ్ తెలుసు కదా: లోహాన్ని వేడిచేసి, కాసేపు అలాగే ఉంచి, నెమ్మదిగా చల్లారిస్తే లోపలి లోపాలు తగ్గుతాయి. అదే సూత్రం సిలికాన్ మీద పనిచేస్తుందేమో చూద్దామని కెమెరాని 25 డిగ్రీల సెల్సియస్‌కి వేడిచేశారు. మామూలుగా అది ఉండే చలితో పోలిస్తే అది చాలా ఎక్కువ. ఫొటోలు బాగుపడ్డాయి. కొన్ని కక్ష్యల తర్వాత మళ్ళీ మొదటికొచ్చింది. 56వ కక్ష్యకి దాదాపు ప్రతి ఫొటో గీతలు గీతలుగా వచ్చింది. ముందేమో అయో ఉపగ్రహాన్ని 1500 కిలోమీటర్ల దూరం నుంచి చూసే అవకాశం. ఈసారి హీటర్‌ని పూర్తిగా పెంచేశారు. మొదటి రోజుల్లో పెద్ద మార్పు లేదు. ఇంకొద్ది రోజులే ఉన్నాయనగా ఫొటోలు తేటపడ్డాయి. 2023 డిసెంబర్ 30న అయో పర్వతాలు దాదాపు కొత్త కెమెరాతో తీసినంత స్పష్టంగా వచ్చాయి.

ఇప్పుడు చెప్పండి, ఇది కాపలా పనేనా?

"నువ్వు చెప్పేది నాసా సంగతి. ఇక్కడ ఆపరేషన్స్ అంటే నైట్ షిఫ్టులు, టికెట్లు క్లోజ్ చేయడం" అనొచ్చు. నిజమే, చాలాచోట్ల అలాగే ఉంది, కాదనను. కానీ ఆ పని చప్పగా మారడానికి కారణం వేరే ఉంది. కట్టిన టీమ్‌కీ నడిపే టీమ్‌కీ మధ్య మనం గోడ కట్టేశాం. లోపల ఏముందో చెప్పకుండా చేతికి ఒక చెక్‌లిస్ట్ ఇస్తే ఎవరైనా బటన్లు నొక్కేవాడిగానే మిగులుతాడు. జూనోక్యామ్‌ని కట్టినవాళ్ళూ నడిపినవాళ్ళూ ఒకే కప్పు కింద ఉన్నారు. అందుకే రెగ్యులేటర్ మీద అనుమానం రాగలిగింది, హీటర్‌ని మందుగా వాడే ఆలోచన పుట్టగలిగింది.

ఈ గోడ కాలేజీలోనే లేస్తుంది. ఫైనలియర్ ప్రాజెక్ట్ డెమో రోజు పనిచేస్తే చాలు, వైవా అయిన మర్నాడే అటకెక్కుతుంది. వర్షంలో తడిస్తే సెన్సర్ ఏమవుతుందో, మూడు నెలల తర్వాత బ్యాటరీ ఎలా ఉంటుందో మనలో ఎవరికీ తెలీదు. నా సూచన ఒకటే. ప్రతి బ్రాంచి ఏటా కనీసం ఒక ప్రాజెక్టుని జూనియర్లకి అప్పగించాలి. వాళ్ళు ఏడాదిపాటు దాన్ని నడపాలి. ఏది పాడైంది, ఎందుకనుకున్నారు, ఏం చేశారు అన్నది లాగ్‌బుక్‌లో రాయాలి. ఆ లాగ్‌బుక్‌కి 100లో 20 మార్కులు ఇవ్వాలి. కట్టిన సీనియర్లు ఫోన్ ఎత్తాలి, అది కూడా రూలే.

అలా ఏడాది నడిపినవాడికి ఇంటర్వ్యూలో "డెవలప్‌మెంటా, సపోర్టా?" అన్న ప్రశ్న ఎదురైతే భయపడడు. "నాకు రెండూ వచ్చు" అంటాడు.